మొద్దును తొలిచే పళ్లు మొద్దుబారితే

ఓరుగల్లుకు ఆ పేరు రాతి వలన వచ్చినది. ఒంటి రాయి, ఏకశిల అన్న అర్థము ఆ పేరులోనే ఉన్నది. వరంగల్లు చుట్టుపట్ల ఎటు చూచినా గ్రానైటు గుట్టలు, బండలు కనిపిస్తాయి. ఆ బండలే యుగాల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, పగిలి, పొడియై నేటి ఎర్రని చల్కా నేలలైనాయి. గ్రానైటులో ముఖ్యముగా మూడు ఖనిజములు ఉంటాయి: ఫెల్డ్‌స్పారు, అభ్రకము, పలుగురాయి. వీటిలో ఫెల్డ్‌స్పారు కాలక్రమమున మెత్తబడి బంకమన్నుగా మారుతుంది. పలుగురాయి, అనగా క్వార్ట్జ్, మారదు. అది ఇసుక రేణువులై నేలలో మిగిలిపోతుంది. చల్కా నేలను పిడికిట పట్టి నలిపితే వ్రేళ్లకు గరగర తగిలేది ఆ పలుగురాతి రేణువులే.

ఇట్టి నేలలో పెరిగిన చెట్టును కొట్టివేయుట ఒక ఎత్తు, దాని మొద్దును తీసివేయుట మరొక ఎత్తు. చింత, వేప, తుమ్మ వంటి చెట్ల వేళ్లు ఆ ఇసుకను, రాళ్లను గట్టిగా కౌగిలించుకొని పెరుగుతాయి. కాగితపు గుజ్జు కోసము వేసిన జామాయిల్ తోటలలో మరొక చిక్కు ఉన్నది. చెట్టును నరికిన తరువాత మొద్దు నుండి పిలకలు మళ్లీ లేస్తాయి. కొన్ని కోతల వరకు అది రైతుకు లాభమే. కాని ఆ భూమిలో పత్తియో, మిరపయో వేయదలచినప్పుడు ఆ మొద్దులే అడ్డు. గడ్డపారతో త్రవ్వి, గొడ్డలితో వేళ్లు నరికి, ఊక పోసి కాల్చి మొద్దును వదిలించుకొనుట పాత పద్ధతి. పొక్లెయిన్‌తో పెకలించుట తరువాత వచ్చిన పద్ధతి. అయితే గోడ ప్రక్కనో, నీటి గొట్టము మీదనో ఉన్న మొద్దును పెకలిస్తే గోడ, గొట్టము కూడ దానితో లేచి వస్తాయి. అట్టి చోట్ల మొద్దును ఉన్నచోటనే పొడిగా తొలిచివేసే యంత్రము ఉపయోగపడుతుంది. ఆ యంత్రపు బలమంతా దాని పళ్లలో ఉన్నది. ఆ పళ్లు ఎందుకు అరుగుతాయి, వాటికి సాన ఎట్లా పట్టవలెను, ఎప్పుడు మార్చివేయవలెను అన్న ప్రశ్నలలో పాఠశాలలో చెప్పే భౌతిక, రసాయన శాస్త్రముల పాఠములు చాలా భాగము ఇమిడియున్నాయి.

యంత్రము పనిచేయు విధము

మొద్దులను తొలిచే యంత్రములు 1950 దశకము నుండి అమెరికాలో వాడుకలోకి వచ్చినాయి. ఎల్మ్ అనే చెట్లకు వ్యాపించిన తెగులు వలన అక్కడి ఊళ్లలో వేలకొలది చెట్లు చచ్చి, మొద్దులు మిగిలిపోవుట ఇట్టి యంత్రముల అవసరమును పెంచినది. యంత్రము సూత్రము సులభమే. ఇంజను ఒక బరువైన ఉక్కు చక్రమును నిలువుగా త్రిప్పుతుంది. చక్రము అంచున, రెండు ప్రక్కల, బోల్టులతో బిగించిన పళ్లు ఉంటాయి. నడిపేవాడు చక్రమును మొద్దుపైన కొద్దిగా దించి, ఈ కొన నుండి ఆ కొనకు మెల్లగా జరుపుతాడు. ప్రతి పన్ను ఒక చిన్న పేడును చెక్కి విసరివేస్తుంది. ఈ విధముగా పొర తరువాత పొర తొలిచి, నేలమట్టమునకు ఒక జానెడు క్రిందివరకు మొద్దును పొట్టుగా మారుస్తారు.

పళ్లన్నీ ఒకే రూపములో ఉండవు. కొన్ని తిన్నగాను, కొన్ని ఎడమకు, కొన్ని కుడికి వంగియు ఉంటాయి. వడ్రంగి తన రంపపు పళ్లను ఒకటి ఇటు, ఒకటి అటు వంచుట మనకు తెలుసు. అట్లా వంచకపోతే రంపపు రేకు తాను కోసిన సందులోనే ఇరుక్కుపోతుంది. ఇక్కడి కారణము కూడ అదే. చక్రము మందము కంటె అది తొలిచే గాడి వెడల్పుగా ఉండవలెను.

వేగము ఎంతో ఒక ఉదాహరణతో చూడవచ్చును. చక్రపు వ్యాసము 50 సెంటీమీటర్లు, అది నిమిషమునకు 1000 చుట్లు తిరుగుతున్నది అనుకుందాము. ఒక చుట్టులో పన్ను నడిచే దూరము వ్యాసమును 3.14తో గుణించగా వచ్చే 1.57 మీటర్లు. నిమిషమునకు 1570 మీటర్లు, అనగా సెకనుకు సుమారు 26 మీటర్లు. గంటకు 94 కిలోమీటర్ల వేగమన్న మాట. చక్రమునకు 16 పళ్లు ఉంటే సెకనుకు దాదాపు 267 దెబ్బలు మొద్దుపై పడతాయి.

పదును అంటే ఏమి?

పదును అన్నది తెలుగులో చిత్రమైన మాట. దున్నుటకు తగినంత తడి ఉన్న నేలను పదునైన నేల అంటారు. సరిగా కాచి, నీట ముంచి తయారుచేసిన ఇనుమునకు పదును వచ్చినది అంటారు. చక్కగా తెగే అంచును కూడ పదునే అంటారు. ఈ చివరి అర్థమును భౌతికశాస్త్రము ఒక్క మాటలో చెప్పుతుంది: పీడనము. బలమును, అది పనిచేసే వైశాల్యముతో భాగిస్తే పీడనము వస్తుంది.

ఒక పన్ను అంచు పొడవు 20 మిల్లీమీటర్లు అనుకుందాము. క్రొత్తగా సాన పట్టినప్పుడు దాని అంచు మందము 0.05 మిల్లీమీటరు. కట్టెను తాకే వైశాల్యము ఒక చదరపు మిల్లీమీటరు. దానిపై 1000 న్యూటన్ల బలము పడితే పీడనము చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్లు. కట్టె నారలు తెగిపోతాయి. అదే అంచు అరిగి 0.5 మిల్లీమీటరు మందమైతే వైశాల్యము పది చదరపు మిల్లీమీటర్లు. అదే బలమునకు పీడనము పదవ వంతుకు, 100 న్యూటన్లకు, పడిపోతుంది. ఇప్పుడు పన్ను కట్టెను కోయదు, రుద్దుతుంది. పేళ్లకు బదులు మెత్తని పొడి వస్తుంది. పొగ లేస్తుంది. యంత్రము అదురుతుంది. నడిపేవాడు మరింత అదుముతాడు. ఇంజను మరింత నూనె త్రాగుతుంది.

ఆ ఇంధనపు శక్తి ఎక్కడికి పోయినది? వేడిగా మారినది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన సాక్ష్యము ఉన్నది. 18వ శతాబ్దము చివర కౌంట్ రంఫర్డ్ జర్మనీలోని మ్యూనిక్ నగరములో ఫిరంగులు తయారుచేయించే పనిని చూచేవాడు. ఫిరంగి గొట్టమును బరమాతో తొలుస్తున్నప్పుడు లోహము విపరీతముగా వేడెక్కుట అతడు గమనించినాడు. అందుచేత అతడు కావాలని ఒక మొద్దుబారిన బరమాను తీసుకొని, గుర్రములచేత యంత్రమును త్రిప్పించి, ఫిరంగిలోహము చుట్టూ నీరు నింపి చూచినాడు. రెండున్నర గంటలలో నిప్పు లేకుండనే ఆ నీరు మరిగినది. 1798లో ప్రకటించిన ఈ ప్రయోగముతో, వేడి ఒక పదార్థము కాదు, చలనము వలన పుట్టేది అన్న భావమునకు బలము చేకూరినది. రంఫర్డ్‌కు వేడి కావలెను కాబట్టి మొద్దు బరమాను ఏరుకున్నాడు. మొద్దులు తొలిచేవానికి పేళ్లు కావలెను కాబట్టి పదునైన పన్ను కావలెను.

అరుగుదలకు అసలు కారణము

పచ్చి కట్టె ఉక్కును అంత త్వరగా అరగదీయదు. అసలు శత్రువు మట్టి. మొద్దు మొదట, వేళ్ల సందులలో, బెరడు పగుళ్లలో చేరిన ఇసుకయే పళ్లను తినివేస్తుంది.

గట్టి వస్తువు మెత్తని వస్తువును గీస్తుంది అన్నది అందరికి తెలిసినదే. దీని ఆధారముగానే 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజశాస్త్రజ్ఞుడు ఖనిజములను ఒకటి నుండి పది వరకు వరుసలో పెట్టినాడు. అందులో పలుగురాతికి 7, వజ్రమునకు 10. లోహములకు మరింత సూక్ష్మమైన కొలత కావలసి వచ్చి, 1921లో ఇంగ్లండులోని విక్కర్స్ సంస్థలో మరొక పద్ధతి రూపొందినది. వజ్రపు సూదిని నిర్ణీత బలముతో ఒత్తి, పడిన గుంట పరిమాణమును బట్టి కాఠిన్యమును లెక్కిస్తారు. ఆ కొలతలో పదును పెట్టిన ఉక్కు 700 నుండి 800 వరకు ఉంటుంది. పలుగురాయి 1000 దాటి ఉంటుంది. కాబట్టి ఇసుక రేణువు ఎంత చిన్నదైనా ఉక్కును గీసి తీరుతుంది. నాగలి కర్రు ఏటేట అరుగుటకు, పార అంచు గుండ్రబడుటకు ఇదే కారణము. నల్లరేగడిలో కంటె ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చల్కాలో అరుగుదల ఎక్కువ.

అందుకే సెకనుకు 26 మీటర్ల వేగముతో ఇసుకను ఢీకొనే పన్నుకు వట్టి ఉక్కు చాలదు. పలుగురాతి కంటె గట్టిది ఏదో కావలెను.

కొలిమి నుండి కార్బైడు వరకు

ఉక్కు విషయములో తెలంగాణము ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించి తయారుచేసిన ఉక్కు దూరదేశములకు ఎగుమతి అయ్యేది. 1832లో అచ్చయిన వాయిసీ వ్రాతలో అక్కడి కొలుముల వర్ణన, ఆ ఉక్కు కోసము వచ్చిన పారశీక వర్తకుని ప్రస్తావన ఉన్నాయి. దానిలో ఒకటి నుండి రెండు శాతము వరకు కర్బనము ఉండేది. ఆ కర్బనమే దాని కాఠిన్యమునకు మూలము.

ఊరి కమ్మరి కర్రును కాచి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, ఎర్రగా ఉండగానే నీటిలో ముంచుతాడు. ఆ క్షణములో, ఇనుప పరమాణువుల మధ్య కరిగియున్న కర్బనము బయటకు పోవుటకు వ్యవధి లేక అక్కడనే చిక్కుకుంటుంది. ఉక్కు గట్టిపడుతుంది, పెళుసు కూడ అవుతుంది. ఆ పెళుసుతనమును తగ్గించుటకు మళ్లీ కొద్దిగా కాచుతారు. సుమారు 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 300 దగ్గర నీలిరంగు అంచుపై కనిపిస్తాయి. ఉష్ణమాపకము లేకుండనే ఆ రంగులను చూచి కమ్మరి పదును నిర్ణయిస్తాడు. ఇది తరతరాల అనుభవము ఇచ్చిన లోహశాస్త్రము.

ఉక్కును మించిన పనిముట్టు మరొక దారిన వచ్చినది. విద్యుద్దీపములలో వెలిగే తీగను టంగ్‌స్టన్ అనే లోహముతో చేస్తారు. అది 3400 డిగ్రీలు దాటితే గాని కరగదు. అంతటి మొండిలోహమును సన్నని తీగగా లాగుటకు వజ్రముతో చేసిన రంధ్రములు కావలసి వచ్చేవి. వాటి ఖరీదు భరించుట కష్టమైనది. వజ్రమునకు బదులు వాడదగిన పదార్థము కోసము బెర్లినులోని ఆస్రమ్ దీపముల సంస్థ పరిశోధకులు వెదికినారు. టంగ్‌స్టన్ కార్బైడు చాలా గట్టిది అన్న సంగతి అప్పటికే తెలుసు. కాని అది గాజువలె పగిలిపోయేది. 1923లో కార్ల్ ష్రోటర్ ఆ కార్బైడు పొడికి కోబాల్టు పొడిని కలిపి, అచ్చులో ఒత్తి, కాచి, దృఢమైన పదార్థమును సాధించినాడు. దీనిని జర్మనీలోని క్రుప్ సంస్థ ‘విడియా’ అనే పేరుతో అమ్మకమునకు పెట్టినది. జర్మను భాషలో ‘వజ్రమువలె’ అన్న రెండు మాటల మొదటి అక్షరములను కలిపి చేసిన పేరు అది. 1964లో బెంగుళూరులో ఆ పేరుతోనే సంస్థ ఏర్పడినది. నేటికీ మన మేస్త్రీలు, వర్కుషాపు పనివారు గోడకు బెజ్జము వేసే కార్బైడు బరమాను విడియా బిట్టు అనుట దాని ఫలితమే.

దీని తయారీలో లోహమును పూర్తిగా కరగించుట లేదు. కొన్ని మైక్రానుల పరిమాణము గల కార్బైడు రేణువులు, నూటికి 6 నుండి 15 పాళ్ల కోబాల్టు కలిపి, ఒత్తి, సుమారు 1400 డిగ్రీల వద్ద కాచుతారు. అప్పుడు కోబాల్టు కరిగి రేణువుల మధ్య వ్యాపించి అంటిస్తుంది. కంకరను సిమెంటు పట్టియుంచినట్లే, గట్టి రేణువులను మెత్తని కోబాల్టు పట్టి ఉంచుతుంది. ఇట్లా వచ్చిన పదార్థము కాఠిన్యము విక్కర్స్ కొలతలో సుమారు 1200 నుండి 1600 వరకు ఉంటుంది. కోబాల్టు పాలు పెరిగితే దెబ్బకు ఓర్చే గుణము పెరిగి, కాఠిన్యము తగ్గుతుంది. మొద్దులు తొలిచే పన్నుకు రెండూ కావలెను. అందుచేత దెబ్బలను తట్టుకొనే ఉక్కు కాడకు, కొసన మాత్రమే కార్బైడు ముక్కను వెండి కలిసిన టంకముతో అతికిస్తారు.

ఇట్టి పన్ను కూడ అరుగుతుంది. ఇసుక కార్బైడు రేణువును సులభముగా గీయలేదు. కాని రేణువుల మధ్య ఉన్న కోబాల్టును కొంచెము కొంచెము దొలుస్తుంది. సిమెంటు పోయిన కంకర ఊడిపోయినట్లు రేణువులు రాలిపోతాయి. అంచు గుండ్రబడుతుంది. మొద్దులో దాగిన మేకో, ఇనుప తీగయో, రాయియో తగిలితే పెచ్చు లేచిపోతుంది.

సాన పట్టు విధము

పదును పోయినదో లేదో తెలుసుకొనుటకు సులభమైన పరీక్ష ఉన్నది. పన్నును శుభ్రముగా తుడిచి, అంచును వెలుతురు వైపు పట్టి చూడవలెను. పదునైన అంచు వెలుతురును తిరిగి పంపేటంత వెడల్పు ఉండదు కాబట్టి కనిపించదు. మొద్దుబారిన అంచుపై తెల్లని గీత మెరుస్తుంది. ఆ గీత ఎంత వెడల్పైతే పన్ను అంత అరిగినట్లు. కూరగాయలు తరిగే కత్తిని కూడ ఈ విధముగానే పరీక్షింపవచ్చును.

ఆ గీత సన్నగా ఉన్నప్పుడే సాన పట్టుట లాభము. పన్నులో అరగదీయుటకు వీలైన కార్బైడు 6 మిల్లీమీటర్లు ఉన్నదనుకుందాము. ప్రతిసారి 0.3 మిల్లీమీటరు తీస్తే పదును వచ్చే స్థితిలో సాన పడుతూ ఉంటే 20 సార్లు పట్టవచ్చును. 1.5 మిల్లీమీటర్లు తీయవలసినంతగా అరుగనిస్తే నాలుగే సార్లు. బద్ధకము ఖరీదు ఇక్కడ అంకెలలో కనిపిస్తుంది.

సాన పట్టుటకు ఏ రాయి? వర్కుషాపులో సాధారణముగా ఉండే బూడిదరంగు సానరాయి అల్యూమినియం ఆక్సైడుతో చేసినది. దాని కాఠిన్యము సుమారు 2000. ఉక్కుకు అది చక్కగా సరిపోతుంది. కాని కార్బైడు రేణువు కూడ 2000కు మించినదే. అందుచేత ఆ రాయిపై కార్బైడును పట్టితే పన్ను అరుగదు, రాయి అరుగుతుంది, వేడి మాత్రము పుడుతుంది. దీనికి ఆకుపచ్చని సిలికాన్ కార్బైడు రాయి కావలెను. దాని కాఠిన్యము సుమారు 2500. అంతకంటె మంచిది వజ్రపు పొడి అంటించిన చక్రము. అయితే వజ్రపు చక్రముపై ఉక్కు కాడను పట్టరాదు. వజ్రము శుద్ధమైన కర్బనము. వేడెక్కిన ఇనుము కర్బనమును తనలోనికి పీల్చుకుంటుంది. ఉక్కుకు ఒక రాయి, కార్బైడుకు ఒక రాయి అన్న నియమము ఇందువలన వచ్చినది.

పన్నును అదిమి పట్టక, తేలికగా తాకించి, అటు ఇటు జరుపుతూ పట్టవలెను. మొదట ఉన్న వాలును మార్చరాదు. అంచు మరీ పలుచన అయితే తెగుట బాగుగానే ఉన్నా, మొదటి రాతి దెబ్బకే పెచ్చు లేస్తుంది.

పన్ను వేడెక్కితే కమ్మరి అలవాటు చొప్పున నీటిలో ముంచబుద్ధి అవుతుంది. ఆ పని చేయరాదు. ఒక డిగ్రీ వేడికి ఉక్కు ఎంత వ్యాకోచిస్తుందో, కార్బైడు అందులో సగమే వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల ముక్క 600 డిగ్రీలు చల్లబడితే ఉక్కు 0.144 మిల్లీమీటరు, కార్బైడు 0.072 మిల్లీమీటరు కుదించుకుంటాయి. ఒకదానికొకటి అతికియున్న ఆ రెండింటి మధ్య ఈ తేడా పెనుగులాటగా మారుతుంది. హఠాత్తుగా చల్లార్చితే పైపొర ముందు కుదించుకొని కంటికి కనిపించనంత సన్నని పగుళ్లు పుడతాయి. అవి తరువాత పనిలో బయటపడతాయి. పన్నును గాలిలోనే చల్లారనీయవలెను.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరొకటి ఉన్నది. నాగలి కర్రుకు పదును పెట్టినట్లే కార్బైడు పన్నును కొలిమిలో పెట్టుట. సుమారు 600, 700 డిగ్రీల మధ్య టంకము కరిగి ముక్క ఊడిపోతుంది. గాలిలో ఎర్రగా కాలిన కార్బైడు ఆక్సిజనుతో కలిసి చెడిపోతుంది కూడ. కమ్మరి నేర్పులో లోపము లేదు. ఉక్కు పదును వేడిలో పుట్టుతుంది. కార్బైడు పదును తయారీలోనే పుట్టినది, దానిని బయటికి తీయుట మాత్రమే సాన పని.

ఎప్పుడు మార్చవలెను?

ముక్కలో పగులు కనిపించినా, పెద్ద పెచ్చు లేచినా, కార్బైడు అరిగి ఉక్కు కాడ కట్టెను తాకుతున్నా సాన పట్టి లాభము లేదు. పన్నును మార్చవలసినదే. కొన్ని యంత్రములకు గుండ్రని పళ్లు ఉంటాయి. వీటి అంచు ఒక ప్రక్క అరిగితే బోల్టు వదులుచేసి మూడవ వంతు చుట్టు త్రిప్పి బిగిస్తే క్రొత్త అంచు ముందుకు వస్తుంది. ఇట్లా ఒక పన్ను మూడుసార్లు ఉపయోగపడుతుంది.

ఒక పన్ను ఊడిపోతే మిగిలిన 15 పళ్లతో పని నడుస్తుంది కదా అనిపించవచ్చును. నడవదు. ఊడిన పన్ను చెక్కవలసిన పేడును దాని వెనుక వచ్చే పన్ను కూడ తానే చెక్కవలసి వస్తుంది. దాని బరువు రెండింతలై అది కూడ త్వరలో విరుగుతుంది. రెండవ కారణము ఇంకా ముఖ్యమైనది. పన్ను, దాని బోల్టు కలిసి అర కిలో అనుకుందాము. అభికేంద్రబలమును లెక్కించుటకు ద్రవ్యరాశిని వేగవర్గముతో గుణించి వ్యాసార్థముతో భాగించవలెను. వేగము 26.2 మీటర్లు, వ్యాసార్థము 0.25 మీటరు. ఫలితము సుమారు 1370 న్యూటన్లు, అనగా 140 కిలోల బరువు. ఎదురెదురు పళ్లు రెండూ ఉన్నంతవరకు ఈ బలములు ఒకదానినొకటి సరిపెట్టుకుంటాయి. ఒకటి లేనప్పుడు 140 కిలోల లాగుడు సెకనుకు 16 సార్లకు పైగా దిక్కు మార్చుకుంటూ ఇరుసును, బేరింగులను కుదిపివేస్తుంది. అందుచేత ఒక పన్నును మార్చినప్పుడు దానికి ఎదురుగా ఉన్న పన్నును కూడ చూచి, బరువు సరిపోవునట్లు చేయవలెను. ఎడమ పన్ను స్థానములో కుడి పన్ను బిగించరాదు. పన్ను కూర్చుండే గుంటలో మట్టి, పొట్టు లేకుండ తుడవవలెను. బోల్టు మర చెడితే క్రొత్తది వేయవలెను. తయారుచేసినవారు చెప్పిన బిగువు వరకు బిగించుటకు బిగువును కొలిచే పానా వాడుట మంచిది. వదులు బోల్టు వలన ఊడిన పన్ను గంటకు 94 కిలోమీటర్ల వేగముతో ఎగిరిపోతుంది అన్నది మరువరాదు.

జాగ్రత్తలు

పళ్లపై చేయి పెట్టుటకు ముందు ఇంజను ఆపి, తాళము చెవి తీసివేసి, చక్రము పూర్తిగా నిలిచే వరకు ఆగవలెను. పెట్రోలు ఇంజనైతే స్పార్క్ ప్లగ్గు తీగను కూడ ఊడదీయవలెను.

మట్టితో కాల్చి చేసిన సానచక్రమును మరకు తొడిగే ముందు కర్రతో మెల్లగా తట్టి వినవలెను. మంచి చక్రము ఖంగుమంటుంది, పగిలినది బొద్దుగా పలుకుతుంది. సంతలో కుండను కొనేటప్పుడు తట్టి చూచుట ఇదే పరీక్ష. కండ్లద్దములు లేకుండ సాన పట్టరాదు.

కంటికి కనిపించే నిప్పురవ్వల కంటె కనిపించని దుమ్ము ప్రమాదకరము. కార్బైడును సాన పట్టినప్పుడు లేచే కోబాల్టు దుమ్మును ఏండ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడుతో కూడిన కోబాల్టును మనుష్యులలో బహుశా క్యాన్సరు కలిగించే పదార్థముగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2006లో వర్గీకరించినది. ముక్కుకు చుట్టిన రుమాలు ఈ సన్నని దుమ్మును ఆపదు. దుమ్మును పీల్చే యంత్రమో, తగిన మాస్కో ఉండవలెను. ఇరుకు గదిలో, అన్నము తినే చోట ఈ పని చేయరాదు.

పొలములోను, గనిలోను, ప్రకృతిలోను

మొద్దుల యంత్రమును చూడని విద్యార్థి కూడ ఇట్టి పళ్లను ఎరుగును. ఓరుగల్లు బండలో బోరు వేసే బండి కొసన ఉండే ఉక్కు తలపై గుండ్రని గుండీలవంటివి కనిపిస్తాయి. అవి కార్బైడువే. గుండీలు చదునుగా అరిగినప్పుడు వాటిని వజ్రపు పనిముట్టుతో మళ్లీ గుండ్రముగా చేస్తారు. బొగ్గును కోసే యంత్రముల చక్రములకు కూడ కార్బైడు కొసల పళ్లే ఉంటాయి.

ప్రకృతిలో ఎలుక, ఉడుత, పందికొక్కు సాన లేకుండనే పదును నిలుపుకుంటాయి. వాటి ముందరి పళ్లకు ముందువైపు గట్టి పింగాణీ పొర, వెనుక మెత్తని దంతపదార్థము ఉంటాయి. కొరికిన కొద్దీ వెనుకభాగము ముందు అరిగి, ముందరి పొర ఉలివలె నిలుస్తుంది. అరిగిన మేరకు పన్ను క్రింది నుండి పెరుగుతూ ఉంటుంది. మనిషి చేసిన పన్నులో పెరుగుదల లేదు. పెరుగుదలకు బదులు మార్పిడి, శ్రద్ధ కావలెను.

మార్చివేసిన పళ్లను మామూలు ఇనుప తుక్కులో పారవేయుట కూడ నష్టమే. ప్రపంచములో తవ్వితీసే టంగ్‌స్టన్‌లో అధికభాగము చైనాలో లభిస్తున్నది. మన దేశమునకు కావలసినదానిలో ఎక్కువ భాగము దిగుమతియే. అరిగిన కార్బైడు ముక్కల నుండి టంగ్‌స్టన్‌ను, కోబాల్టును తిరిగి రాబట్టే పద్ధతులు ఉన్నాయి. కాబట్టి వాటిని విడిగా కూడబెట్టి కార్బైడు తుక్కు కొనేవారికి ఇచ్చుట మంచిది. సాధారణపు ఇనుముతో పోల్చి చేతిలో పట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒకే పరిమాణము గల ఇనుము కంటె కార్బైడు దాదాపు రెండింతలు బరువు తూగుతుంది.

తరగతిలో ఉపాధ్యాయుడు ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. ఒక మేకు, ఒక గాజుముక్క, ఒక పలుగురాయి, అరిగి పారవేసిన ఒక విడియా బిట్టు తెచ్చి, ఏది దేనిని గీస్తుందో విద్యార్థులచేత వరుస కట్టించవలెను. పలుగురాయి మేకును గీస్తుంది. విడియా కొస పలుగురాతిని గీస్తుంది. ఆ రెండు గీతలలోనే పై కథ అంతా ఉన్నది. ఊరి నేలలో ఏ రాతిపొడి ఉన్నదో తెలిసినవానికి ఆ నేలలో ఏ పనిముట్టు ఎందుకు అరుగుతుందో తెలుస్తుంది. అది తెలిసినవాడు పన్ను విరిగే వరకు ఆగడు. అంచున తెల్లని గీత మెరిసిన నాడే యంత్రమును ఆపి సాన దగ్గరకు పోతాడు.